పక్క కింది పాతర

తొలికోడి కూసి చాలాసేపైంది. ఆషాఢం ముసురు నిన్నటి నుంచి తెరిపి ఇవ్వలేదు. చూరు నుంచి నీళ్లు ఒకేచోట కారి కారి వాకిట్లో చిన్న గుంట పడింది. మైసన్న గొంగడి కప్పుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రాత్రి గంజి తాగి పడుకున్న కడుపు. ఆకలి ముందు కడుపులో ఉంటుంది, ఆ తర్వాత చేతుల్లోకి దిగుతుంది. మైసన్నకు చేతుల్లోకి దిగింది. చుట్ట చుట్టుకుందామన్నా వేళ్లు సరిగా ఆడటం లేదు.

పొయ్యి దగ్గర అతని భార్య సాలవ్వ జొన్నరవ్వ చేటలో పోసుకుంది. గట్క వండితే ఇద్దరికీ చాలనంత రవ్వ. ఎసరు మరిగింది. రవ్వ పోయబోయే ముందు ఆమె ఒక పిడికెడు తీసి, ఉట్టి మీద ఉన్న చిన్న కుండలో వేసింది. ఏ పూట వండినా చేసే పనే అది. యేసు గుడికి పోయే ఆడవాళ్లందరూ అలాగే చేసేవాళ్లు. వండేముందు ఒక పిడికెడు దేవునికి తీసిపెట్టి, ఐతారం నాడు గుడిలో అందరి కుండలూ ఒకే గంపలో కుమ్మరించేవాళ్లు. ఆ గంపలోది కొంత ప్రార్థనలు చేయించే ఉపదేశి తిండికి, కొంత ఊళ్లో దిక్కులేని వాళ్లకు.

మైసన్న కళ్లు ఆ పిడికిలి మీదే ఉన్నాయి.

"జెర చిన్నగ తియ్యరాదే," అన్నాడు.

"నా చెయ్యే గంత. కోసి చిన్నగ చెయ్యమంటవా?" అంది సాలవ్వ, వెనక్కి తిరక్కుండానే.

గట్క ఉడికింది. ఆమె అతనికి వడ్డించి, తను తిని, నీళ్లు తాగి, చెంగుతో మూతి తుడుచుకుని పనికి బయల్దేరింది. కడుపు నిండిన మనిషిలాగే నడిచి పోయింది. మైసన్నకు ఆమె మీద వచ్చే కోపం ఎప్పుడూ అదే. ఇద్దరిదీ ఒకే కుండ. ఆమెకు సరిపోయేది తనకెందుకు సరిపోదో అతనికి తెలిసేది కాదు.

సాలవ్వది కామారెడ్డి అవతల చిన్న పల్లె. మహమ్మారి జ్వరాలు వచ్చిన ఏడు తల్లీ తండ్రీ ఇద్దరూ పోతే మేనత్త సాకింది. నిజాంసాగర్ కట్ట కడుతున్న రోజుల్లో ఆ మేనత్త వెంటే కూలికి వచ్చింది. మట్టి తట్టలు మోసే వరుసలో మైసన్న ఆమెను చూశాడు. పొద్దుగూకాక కూలీల గుడిసెల దగ్గర ఒక ఉపదేశి పాటలు పాడించేవాడు. ఆయన చేతుల మీదనే ఇద్దరూ బాప్తీస్మం తీసుకున్నారు. సాలవ్వ నమ్మి తీసుకుంది. మైసన్న సాలవ్వ తీసుకుందని తీసుకున్నాడు.

కట్ట పని అయిపోయాక ఎల్లారెడ్డి దాపున ఉన్న మైసన్న ఊరికి వచ్చి పడ్డారు. వాళ్ల వాడ ఊరికి పల్లంలో, చెరువు కట్ట కింద. ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇద్దరూ నిలవలేదు. రెండుసార్లూ కాన్పు చేసింది పక్కింటి ముసలిది హన్మవ్వ. రెండుసార్లూ గుంత దాకా వెంట వచ్చిందీ ఆమే. హన్మవ్వ గుడికి వచ్చేది కాదు. ఆమె మొక్కేది పోచమ్మకు. అయినా సాలవ్వకు ఊళ్లో తల్లి అంటే ఆమే.

ఒక చలికాలం మిషను దొరసాని వచ్చి వాడలో కొందరికి కంబళ్లు పంచింది. సాలవ్వ తన కంబళి మర్నాడే హన్మవ్వకు ఇచ్చింది. మైసన్న అడిగితే, మనకు గొంగడి ఉంది కదా, రెండు కప్పుకుంటే ఉక్కపోస్తుంది అని నవ్వింది. ఆమెది అంతా అదే తీరు. ఇంకో సంగతి, సాలవ్వకు పక్క మీద వాలగానే నిద్ర పట్టేది. రేపు వండటానికి ఇంట్లో ఏమీ లేదని తెలిసి కూడా పట్టేది. మైసన్న పక్కన మేలుకుని ఆమె ఊపిరి వింటూ పడుకునేవాడు. ఒక్కసారి, ఒక్క ఏడాది, ఇంట్లో గింజలు పెట్టుకుని రేపటి భయం లేకుండా పడుకోవాలి. ఇంతకు మించి అతను ఏదీ కోరలేదు.

ప్రార్థనలో ఏనాటి తిండి ఆనాటికి ఇమ్మని అడిగే మాట ఒకటి ఉంది. మైసన్న నోరు అక్కడే తడబడేది. ఒక ఐతారం గుడి అయిపోయాక ఊరి ఉపదేశి ముత్తయ్యను ఆపి అడిగాడు.

"అయ్యగారూ, అడుగుడు అడుగుతనే ఉన్నం గద. రేపటిది గూడ ఒక్కసారే అడిగితె ఏం పోతది?"

ముత్తయ్య కూడా ఆ పూట తిననివాడే. "రేపటిది ఇయ్యాలనె ఇస్తె, రేపు నువ్వు గుడికొస్తవా మైసన్నా?" అన్నాడు. పక్కనున్న వాళ్లు నవ్వారు. మైసన్న కూడా నవ్వాడు. కానీ ఆ జవాబు అతనికి కడుపులోకి దిగలేదు.

మైసన్న పని పాతర పని. ఆ చుట్టుపక్కల జొన్నలు దాచుకునేది పాతర్లలోనే. మిట్ట నేలలో మనిషి లోతుకు మించి గుంట తవ్వుతారు. మూతి ఇరుకు, లోపల వెడల్పు. అడుగునా పక్కలా వరిగడ్డి పరిచి, జొన్నలు పోసి, మూతి మీద బండ వేసి మట్టితో మెత్తుతారు. బాగా తవ్విన పాతరలో గింజ ఏళ్ల తరబడి ఉంటుంది. తెరిచినప్పుడు మాత్రం వెంటనే దిగకూడదు. లోపల చెడ్డ గాలి ఉంటుంది. ముందు దీపం తాడుకు కట్టి దించాలి. దీపం ఆరితే ఆగాలి, గొంగడి దించి లాగుతూ గాలి ఆడించాలి. దీపం నిలిచాకే మనిషి దిగాలి. మైసన్న మేనమామ ఆగకుండా దిగి పైకి రాలేదు. ఆ తర్వాత ఆ పని మైసన్నకు వచ్చింది.

దిగినవాడికి కూలి అంటూ వేరే ఉండదు. గోడలకు అంటుకుని రంగు మారి, వాసన పట్టిన అంచు జొన్నలు అతనివి. అది ఊరి ఆచారం. సాలవ్వ వాటిని ఎన్నిసార్లు కడిగినా వాసన పోయేది కాదు. ఆ వాసన వాళ్ల గట్కలోనూ, ఉట్టి మీది దేవుని కుండలోనూ ఉండేది. దేవునికి అలవాటైపోయి ఉంటుందిలే అనేది సాలవ్వ.

యుద్ధం మొదలై మూడో ఏడు నడుస్తుండగా గింజల ధర ఎక్కడికో పోయింది. ఆ ఎండాకాలం మైసన్న పటేలు బండి తోలుకుని కామారెడ్డి గంజుకు, గింజలు అమ్మే అంగడికి, పోయాడు. స్టేషను దగ్గర బస్తాలు రైలు డబ్బాల్లోకి ఎక్కుతున్నాయి. పట్టాల మధ్య రాలిన గింజల కోసం ఆడవాళ్లు చీపుళ్లతో కూర్చుని ఉన్నారు. రైలు కూత వేసినా లేవడం లేదు. వాళ్లలో ఒకామె మైసన్నకు ఎరుకైన మనిషే. ఎల్లారెడ్డిలో ఒకప్పుడు సొంత మడి ఉన్న మనిషి. ఆమె అతన్ని చూసి ముఖం తిప్పుకోలేదు, పలకరించనూ లేదు. మట్టిలోంచి గింజ ఏరి కొంగులో వేసుకుంది. బండి తోలుకుని వస్తూ మైసన్న దారి పొడుగునా ఆ కొంగు గురించే ఆలోచించాడు. ఇంటికి వచ్చాక సాలవ్వకు ఆ సంగతి చెప్పలేదు.

ఆ ఏటి పంట చేతికొచ్చాక సర్కారు లెవీ పెట్టింది. పండినదాంట్లో ఇంత సర్కారుకు కొలవాలని చాటింపు వేశారు. దాచినవాళ్లను పట్టుకోవడానికి సర్కారు గిర్దావరు ఊరూరా తిరుగుతున్నాడు. పటేలు మైసన్నను ఒక్కణ్నే పిలిపించి, మామిడితోట వెనక మిట్ట మీద ఎవరికీ తెలియకుండా కొత్త పాతర తవ్వించాడు. జొన్నలు దించి బండ వేశాక, మీద ఎరువు పోయించి చెట్టు కింద కూర్చున్నాడు.

"ఏరా మైసా, గిర్దావరొచ్చి అడిగితె ఏం జెప్తవు?"

"నాకు పాతరంటెనె తెల్వదు పటేలా."

"నీకే తెల్వకుంటె ఇగ ఈ తాలూకల ఎవనికి తెలుస్తదిరా," అని పటేలు నవ్వాడు. నోరు కట్టేసుకున్నందుకు కొన్ని బస్తాల జొన్నలు తీసుకుపొమ్మన్నాడు. అంచు జొన్నలు కావు. తెల్లటి కొత్త జొన్నలు.

అది క్రిస్మసు దాటిన తర్వాత వారం. సాలవ్వ ఊళ్లో లేదు. ఆడవాళ్లతో కలిసి మెదక్ గుడిలో కూటాలకని నడిచి వెళ్లింది. మైసన్న జొన్నలు చీకటితో ఇంటికి చేర్చాడు. తెల్లారేసరికి అతనికి వచ్చిన భయం ఆకలి భయం కంటే పెద్దది. ఎవరైనా చూస్తారు. చూసినవాడు గిర్దావరుకు చెప్తాడు, లేకపోతే చేయి చాపుతాడు. అందరికంటే ముందు సాలవ్వ చూస్తుంది. చూస్తే గిన్నె పట్టుకుని వచ్చిన ప్రతివాళ్లకూ పోస్తుంది. పండుగ నాటికి ఇల్లు మళ్లీ ఊడ్చినట్టే ఉంటుంది.

అందుకని తనకు తెలిసిన పనే చేశాడు. తలుపు మూసుకుని ఇంట్లోనే, సాలవ్వ పక్క వేసుకునే చోటే, పాతర తవ్వాడు.

అక్కడ తవ్వకూడదని అతనికి తెలుసు. ఎవరైనా పాతర తవ్వమని పిలిస్తే మైసన్న ముందు ఆ నేల మట్టి పిడికిట్లో పట్టి నొక్కి చూసేవాడు. ముద్ద కడితే ఆ చోటు వదిలేయమనేవాడు. ఇప్పుడు కూడా అలవాటు కొద్దీ నొక్కాడు. చెరువు కింది మట్టి, ముద్ద కట్టింది. దాన్ని కాసేపు చేతిలో పట్టుకుని, తర్వాత తవ్విపోసిన మట్టిలోకి విసిరేశాడు. ఎండాకాలంలోనే తీసేస్తాను కదా, వానల దాకా ఎవరు ఉంచుతారు అనుకున్నాడు. గడ్డి మందంగా పరిచి, జొన్నలు పోసి, బండ వేసి, మట్టి మెత్తి, ఇల్లంతా పేడతో అలికాడు.

సాలవ్వ కాళ్లు పగిలి, ముఖం వెలుగుతూ తిరిగి వచ్చింది. ఇల్లు చూసి గడపలోనే ఆగిపోయింది.

"అలికినవా? నేను లేకుంటె నీకు బుద్ధొచ్చిందేందయ్యా," అంది. ఆ సాయంత్రమంతా ఆమె సంబరంగా ఉంది. అంత పెద్ద గుడిలో అంతమంది పాడితే ఎట్లా ఉందో చెప్పింది. మొగుడు ఇల్లు అలికాడని హన్మవ్వను పిలిచి మరీ చూపించింది. హన్మవ్వ నేల మీద కూర్చుని అరచేత్తో రాసి చూసి, మగవాడి చేయి ఎక్కువ మందంగా పూసింది అని నవ్వింది. ఆమె కూర్చున్నది సరిగ్గా బండ మీద.

ఎండాకాలం వచ్చింది. మైసన్న పాతర తెరవలేదు. ఇంకా కరువు ముదిరితే పనికొస్తాయి అనుకున్నాడు. కరువు ముదిరింది. ఇంకో నెల చూద్దాం అనుకున్నాడు. ఇద్దరూ ముందులాగే గట్కకూ గంజికీ మధ్య బతుకుతున్నారు. తేడా ఒక్కటే. ఇదివరకు రేపు ఏమీ లేదని మైసన్నకు నిద్ర పట్టేది కాదు, ఇప్పుడు ఉన్నది పోతుందేమోనని పట్టడం లేదు. సాలవ్వ అదే చోట వాలి, వాలగానే నిద్రపోయేది.

హన్మవ్వ ఆ ఎండల్లో పనికి పోలేకపోయింది. పొద్దున గిన్నె పట్టుకుని వాకిట్లో కూర్చునేది. సాలవ్వ తన వాటాలోంచి సగం పోసేది. తర్వాత దేవుని కుండ దింపి, దాన్ని ఈమెకు పెట్టవచ్చునా అని ఉపదేశి ముత్తయ్యను అడిగి వచ్చింది. దేవునికి పళ్లు లేవు, ఆ ముసలమ్మకు ఇంకా రెండున్నాయి, ఆమెకే పెట్టు అన్నాడట ఆయన. ఆ కుండా అయిపోయింది.

మళ్లీ ఆషాఢం వచ్చింది, ముసురు పట్టింది. హన్మవ్వ వాకిట్లోకి రావడం మానేసింది. సాలవ్వే గంజినీళ్లు తీసుకుపోయేది. ఒకరోజు ఖాళీ గిన్నెతో తిరిగి వచ్చి మైసన్న ఎదురుగా నిలబడింది.

"ఇగో, ఇంట్ల ఏడనన్న ఇంత ఏమన్న ఉన్నదా? అంచు జొన్నలు గిట్ల దాచిపెట్టినవా? అవ్వ గీ వారం ఎల్లదు."

మైసన్న ఆమె ముఖం చూడలేదు. ఆమె పాదాలు చూశాడు. అవి పాతర మూతి మీద ఉన్నాయి.

"మన ఇంట్ల ఏముంటదే," అన్నాడు.

ఆమె నమ్మింది. అతను ఎన్నడూ అబద్ధమాడిన మనిషి కాదు. చెంగు నెత్తిన వేసుకుని వానలోనే పటేలు వాకిటికి పోయింది. అక్కడ ఏమీ దొరకలేదు.

హన్మవ్వ ఆ వారంలోనే పోయింది. పోయేముందు సాలవ్వతో, మీ దేవుడు నన్ను రానిస్తడో లేదో గానీ గా కంబళి మాత్రం నాతోని పెట్టు బిడ్డా, ఆడ ఎట్లుంటదో అన్నదట. కంబళితోనే పూడ్చారు. గుంత తవ్వింది మైసన్నే. తవ్వుతుంటే అడుగు నుంచి నీళ్లు ఊరాయి. అది చూసి అతని చేతులు ఆగిపోయాయి. ఎవరో పార అందుకున్నారు. ముసలిదంటే మైసన్నకు ఎంత ప్రేమో అనుకున్నారు.

ఇంటికి వచ్చినా అతను బండ లేపలేదు. సాలవ్వ ఇంట్లోనే ఉంది, ఆమె ముందు ఎలా లేపడం? ఆ వానల్లో ఒక పొద్దున ఆమె లేస్తూ, నేల వెచ్చగా ఉంది, కింద ఎవరో కుంపటి పెట్టినట్టుంది, మంచిగ నిద్ర పట్టింది అంది. తడిసిన గింజ మొలకెత్తి కుళ్లితే కాగుతుంది. మైసన్నకు ఆ సంగతి తెలుసు. ఆమె అరచేయి నేల మీద ఆనించి నవ్వుతుంటే అతను బయటికి వెళ్లి వానలో నిలబడ్డాడు.

తర్వాత వాసన వచ్చింది. సాలవ్వ ఎలుక చచ్చిందేమోనని ఇల్లంతా వెతికింది. పక్క తీసి, నేల తట్టి చూస్తుండగా ఒక మూల దిగబడింది. మట్టి గీకితే బండ అంచు కనిపించింది. ఆమె మైసన్న వంక చూసింది. అతను గునపం తెచ్చి బండ లేపాడు. చేతులు వాటంతట అవే దీపం వెలిగించి, తాడుకు కట్టి దించాయి. దీపం ఆరిపోయింది.

గాలి ఆడించి మళ్లీ దించాక, దీపం వెలుగులో లోపలిదంతా కనిపించింది. నల్లటి ముద్ద. అందులో తెల్లటి మొలకలు, పాలిపోయి, వెలుతురు కోసం పైకి సాగి ఉన్నాయి. గుప్పెడు గింజ కూడా మిగల్లేదు.

"ఎప్పటిది?" అంది సాలవ్వ.

"నువ్వు మెదక్ పోయినవు సూడు. అప్పటిది."

ఆమె పెదవులు కదిలాయి. నెలలు లెక్కపెట్టుకుంటోందని అతనికి అర్థమైంది. ఆ లెక్క హన్మవ్వ దగ్గర ఆగింది. తిడుతుందని మైసన్న చూశాడు. రొమ్ము బాదుకుంటుందని చూశాడు. ఆమె గంప తెచ్చింది. అతను లోపల దిగి ఎత్తిపోస్తుంటే ఆమె మోసుకెళ్లి పెంటకుప్ప మీద కుమ్మరించింది. వాడంతా గడపల్లోకి వచ్చి చూసింది. మైసన్న దొరవారు పాతర తెరిచిండు, అందరం బువ్వకు పోదాం అని ఎవరో అన్నారు. ఎవరూ నవ్వలేదు. గుంట పూడ్చింది కూడా సాలవ్వే.

ఆ తర్వాత ఆమె పని మానలేదు, వంట మానలేదు. అడిగిన దానికి అవును, కాదు అనేది. నిద్ర మాత్రం పోయింది. పొయ్యి పక్కన కొత్తచోట పక్క వేసుకుని కళ్లు తెరుచుకుని పడుకునేది. ఇంట్లో ఇప్పుడు ఇద్దరు మేలుకుని ఉండేవాళ్లు. మైసన్న ముత్తయ్య దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పి, నాకు ఏదైనా శిక్ష వెయ్యి, ఆమెను ఒక్క మాట అనమను అని అడిగాడు. శిక్ష వేసే అధికారం తనకు లేదన్నాడు ఉపదేశి. ఇద్దరూ కలిసి ప్రార్థన చేద్దామన్నాడు. ఏనాటి తిండి ఆనాటికి అనే మాట వచ్చినప్పుడు మైసన్న ఈసారి తడబడలేదు. నోటికి వచ్చినట్టు వచ్చింది, పోయింది. లోపల ఏదీ కదల్లేదు.

సాలవ్వ ఇల్లు విడిచి వెళ్లాక, కామారెడ్డిలో కనిపించిందని బండ్లవాళ్లు చెప్పారు. స్టేషను దగ్గర గిడ్డంగిలో గింజలు చెరుగుతోందట. గుడివాళ్ల ఇంట్లో ఒక వసారాలో ఉంటోందట. మనిషి బాగానే ఉంది, పాడుతోంది కూడా అన్నారు. నిద్ర పడుతోందా అని మైసన్న అడగబోయాడు. బండ్లవాళ్లకు ఆ సంగతి ఎట్లా తెలుస్తుందని ఊరుకున్నాడు. కామారెడ్డికి అతను మళ్లీ పోలేదు.

ఆమె వెళ్లిన రోజు వాన వెలిసింది. భాద్రపదం ఎండ చురుక్కుమంటోంది. మైసన్న చెరువు దగ్గరి నుంచి వచ్చేసరికి ఇల్లు ఊడ్చి ఉంది. పొయ్యి ఆరి ఉంది. కుండ మీద మూత పెట్టి ఉంది. ఆమె రెండో చీర దండెం మీద లేదు. పొలానికి పోయి ఉంటుందనుకున్నాడు. పొద్దు నెత్తి మీదికి వచ్చింది, వాలింది. పక్కింటికి పోయి ఉంటుందేమో అనుకుని లేచి, ఆ ఇంట్లో ఎవరూ లేరని గుర్తొచ్చి కూర్చున్నాడు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయే బాట కట్ట మీది నుంచి కనిపిస్తుంది. కట్ట ఎక్కితే ఎంతో కొంత దూరంలో ఆమె కనిపించేదేమో. అతను ఎక్కలేదు.

దీపాల వేళకు ఉట్టి మీది చిన్న కుండ దింపి చూశాడు. అందులో ఆ పొద్దుటి పిడికెడు ఉంది. ఎప్పటి కొలతే. వంట కుండ మూత తీశాడు. గట్క ఇద్దరికి వండి ఉంది. ఆమె తన వాటా తినలేదు. మైసన్న తన సగం తిన్నాడు. తక్కినది అలాగే ఉంచి, మళ్లీ మూత పెట్టి, ఆ మూత మీద ఒక రాయి పెట్టాడు.

రేపటికి ఉంది.